ఉష్ణ గొలుసు

పశువుల ఆస్పత్రిలో దయ్యాన్ని పొదుగుతున్నారని మొట్టమొదట అన్నది మాబున్ని. ఆమె స్వయంగా చూసింది కాదు. ఆమె మరిది ఆస్పత్రి ఎదురుగా సోడాబండి పెడతాడు. అతనికి ఆస్పత్రి తోటమాలి చెప్పాడట. తోటమాలి మొక్కలకు నీళ్లు పోస్తూ కిటికీలోంచి చూశాడట. కోడిగుడ్లు పొదిగే యంత్రంలోంచి గుడ్లన్నీ తీసేసి, టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి లోపల పెట్టి, దాని ముందు ఒక మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టారట. ఆ మనిషి గంటకోసారి లేచి, పెట్టెకు జ్వరం చూసి, పుస్తకంలో రాసుకుని, మళ్లీ కూర్చుంటాడట.

"లోపల్నుంచి ఏం బయటికొస్తాదో వాళ్లకే తెలీదంటక్కా!" అని మాబున్ని తన పక్కింటి బీరక్కతో అన్నది.

బీరక్క ఆ ముచ్చటను కొంగున కట్టుకుని మరునాడు పొద్దున్నే ఆస్పత్రికి వచ్చింది.

"పొదుగు అంటే ఏ బర్రె పొదుగో వాచిందేమో అనుకున్యా. పెట్టెను పొదుగుతాండారంట గదా. ఆ కుర్చీలో కూసునేది నువ్వేనంట గదా సుంకన్నా?"

సుంకన్న కాదనలేకపోయాడు. ఎందుకంటే అప్పుడు అతను ఆ కుర్చీలోనే ఉన్నాడు.

సుంకన్న రాళ్లదిన్నె పశు వ్యాధి నిర్ధారణ కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్. డిగ్రీ చదివినవాడు. తండ్రి గొర్రెల వెనక తిరిగినవాడు కాబట్టి గొర్రె దగ్గితే అది దుమ్ముకు దగ్గిందా, రోగానికి దగ్గిందా అనేది చదువుతో పని లేకుండానే చెప్పగలడు. పదహారేళ్ల సర్వీసులో ఇంతకుముందెప్పుడూ దేన్నీ పొదగలేదు.

"నా గొర్రెల సంగతేమైందప్పా?" అన్నది బీరక్క. "నలభై ఉన్నెవి. రెండు పోయినాయని నీకాడికి వచ్చినా. ముక్కులో పుల్ల పెట్టి తిప్పి, అదేందో గొట్టంలో ఏసుకుంటివి. ఇప్పుడు ఐదు పోయినాయి. కాలవ కింద వరికోతలు అయిపోయినాయి. రైతులు సేన్లకు ఎరువు కావాలని మంద కట్టను రమ్మని కబురు మీద కబురు పెడతాండారు. ఈడ సూస్తే గడ్డిపోస ల్యా. మీ ఆఫీసోళ్లేమో కాయితం వచ్చేదాకా మంద కదిలించొద్దని దండోరా ఏయించినారు. పొమ్మంటే పోతా, ఉండమంటే ఉంటా. ఏదో ఒకటి చెప్పల్ల గదా!"

సుంకన్న గడియారం చూశాడు. తొమ్మిదయింది. లేచి, యంత్రానికున్న అద్దంలోంచి లోపలి థర్మామీటరు చూసి, "అరవై ఐదున్నర" అని పుస్తకంలో రాశాడు.

"అయితాదక్కా," అన్నాడు. అంతకంటే నిజం చెప్పాలంటే చాలా వెనక్కు వెళ్లాలి.

వెనక్కు వెళ్తే, ఆ పెట్టె నెల క్రితం బస్సు పార్శిల్‌లో వచ్చింది. ముక్కు కారడం, విరేచనాలతో గొర్రెల ప్రాణం తీసే పారుడు రోగం తెచ్చే వైరస్‌ లోపల ఆర్‌ఎన్‌ఏ అని ఒక సన్నని పోగు ఉంటుంది. ఆ పోగు గొర్రె ముక్కులో ఉన్నదో లేదో కనిపెట్టాలంటే దాన్ని చదివి, దానికి కోట్లకొద్దీ నకళ్లు తీసే పనివాడు ఒకడు కావాలి. ఆ పనివాడి పేరు ఎంజైము. పాత ఎంజైములు మహా సుకుమారం. ఐసులో పడుకోబెట్టి తేవాలి, ఫ్రిజ్‌లో దాచాలి, కరెంటు పోతే ఏడవాలి. ఈ కొత్తదాన్ని ఎవరో పుణ్యాత్ములు ప్రయోగశాలలో చెక్కి చెక్కి ఎండకు ఓర్చేట్టు తయారుచేశారు. ఐసు అక్కర్లేదు. ఫ్రిజ్ అక్కర్లేదు. గూట్లో పెట్టుకోవచ్చు. పరీక్ష చేసేటప్పుడు మాత్రం అరగంట సేపు అరవై ఐదు డిగ్రీల వేడినీళ్లలో ఉంచాలి. గులాబి రంగు నీళ్లు పసుపురంగుకు తిరిగితే రోగం ఉన్నట్టు, తిరగకపోతే లేనట్టు. ఇంతే. దొడ్డి దగ్గరే కూర్చుని చేసేయొచ్చు. పెట్టెలోని కాగితం చదివి సుంకన్నకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ సంతోషంలోనే అతను తప్పు చేశాడు. పెట్టెను రిజిస్టరులో ఎక్కించాడు.

రిజిస్టరులో "నిల్వ ఉష్ణోగ్రత" అని ఒక గడి ఉంది. రెండేళ్ల కిందట జెనరేటరు చెడిపోయి ఫ్రిజ్‌లోని మందులన్నీ పాడైనప్పుడు ముగ్గురికి ఛార్జి మెమోలు వచ్చాయి. అప్పటినుంచీ ఆ కేంద్రంలో ఆ గడికున్న పవిత్రత గోడమీది దేవుడి పటానికి కూడా లేదు. సుంకన్న ఆ గడిలో "అవసరం లేదు" అని రాశాడు.

తనిఖీకి వచ్చిన పెద్దమనిషి దాని కింద ఎర్రసిరాతో గీత గీశాడు. "'అవసరం లేదు' అనునది ఉష్ణోగ్రత కాదు. ఎన్ని డిగ్రీలో తెలుపవలెను."

జిల్లా అధికారి ప్రభంజనరావుగారు స్పష్టత కోరుతూ పైకి లేఖ రాశారు. ఐదు రోజుల్లో జవాబొచ్చింది. ఆ శాఖలో అంత తొందరగా జవాబు రావడం ఎవరూ ఎరగరు. అప్పుడే అందరూ అనుమానించాల్సింది.

పై ఆఫీసులో ఉత్తర్వులు తెలుగులోనే ఉండాలని ఆ నెలలో కొత్తగా ఉత్సాహం పుట్టింది. వేడికి చెక్కుచెదరదు అనే మాటను అక్కడెవరో "ఉష్ణస్థిర ఎంజైము" అని చక్కగా తర్జుమా చేశారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ పక్క బల్లమీది ఉద్యోగి ఆ సమాసానికి విగ్రహవాక్యం చెప్పాడు. ఉష్ణమునందు స్థిరముగా ఉంచవలసినది ఉష్ణస్థిరము. ఎంత ఉష్ణం? పెట్టెలోని కాగితమంతా వెతికితే ఒకే ఒక్క అంకె కనిపించింది. అరవై ఐదు.

ఉత్తర్వు ఇలా వచ్చింది: "పై సూచికను పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, ఉష్ణస్థిర ఎంజైమును ఎట్టి పరిస్థితులయందును అరవై ఐదు డిగ్రీలకు తగ్గకుండా నిల్వయుంచవలెను. మందులను చల్లగా ఉంచు శీతల గొలుసు ఏ విధముగా అమలగుచున్నదో తత్సమానముగా ఉష్ణ గొలుసు ఏర్పాటు చేయవలెను. గొలుసు తెగినచో అది ఉష్ణభంగముగా పరిగణింపబడును. బాధ్యులు శాఖాపరమైన చర్యలకు పాత్రులగుదురు."

"సార్, ఇది వేడికి ఓరుస్తాది అన్నారు గానీ, వేడి కావాలని అనలేదు సార్," అన్నాడు సుంకన్న.

ప్రభంజనరావుగారు కళ్లజోడు తీశారు. ఆయన మంచివాడే. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా వింటారు. ఆ తర్వాతే తోసిపుచ్చుతారు.

"నువ్వు జీతానికి ఓరుస్తున్నావా, జీతం కావాలంటున్నావా?"

"కావాలనే సార్."

"మరి? ఎంజైమైనా అంతే."

సుంకన్నకు ఆ పోలిక ఎక్కడో కుంటుతోందని తెలుసు. ఎక్కడో తేల్చుకునేలోపల ఆయన సంతకం పెట్టేశారు.

ఉష్ణ గొలుసు అధికారిగా పరాంకుశంగారు వచ్చారు. ఆయన వస్తూనే కేంద్రంలో వేడిగా ఉండే వస్తువులేవి అని విచారించారు. టీ కెటిలు, పొదుగు యంత్రం అని తేలింది. పొదుగు యంత్రంలో అప్పటికి రెండువందల గుడ్లున్నాయి, ఇంకో మూడు రోజుల్లో పిల్లలు కావాల్సినవి. వాటిని "అత్యవసర ప్రజాప్రయోజనము దృష్ట్యా" బయటికి తీశారు. యంత్రం ముప్పై ఎనిమిది డిగ్రీలకు మించి ఎక్కదు. అందుకని ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి లోపల ఇస్త్రీపెట్టె కాయిళ్లు రెండు బిగించారు. గంటకోసారి రాయడానికి సుంకన్నకు కుర్చీ వేశారు. పరీక్షలు చేయాల్సిన మనిషికి పరీక్ష సరుకును కాపలా కాయడమే పనైపోయింది.

ఏప్రిల్ మూడోవారంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు గంటసేపు పోయింది. పెట్టె నలభై ఏడుకు దిగింది. మరునాడు సుంకన్నకు మెమో వచ్చింది. "తేదీ పంతొమ్మిదిన సాయంత్రము నాలుగు గంటలకు అకాల వర్షము కురియుటకు గల కారణములను మూడు రోజులలో తెలుపవలెను."

సుంకన్న చాలాసేపు ఆలోచించి, "మేఘములు" అని రాసి పంపాడు. సంతృప్తికరమే అని జవాబొచ్చింది. వాన గురించి కాదు, తను తెలివి మీద ఉన్నానా లేదా అని అతనికి ఆరోజు దిగులేసింది.

బీరక్క వచ్చి వెళ్లిన సాయంత్రమే అతను తెగించి పరాంకుశంగారి దగ్గరికి పోయాడు.

"సార్, పారుడు రోగం అనుమానం ఉంది. ఐదు గొర్రెలు పోయినాయి. పెట్టె తెరిచి ఒక్క పరీక్ష చేస్తాను."

పరాంకుశంగారు అదిరిపడ్డారు. "తెరుస్తావా? తలుపు తీస్తే లోపల ఎంత తగ్గుతుందో తెలుసా? ఆరు డిగ్రీలు! నేను కొలిచాను. ఆరు డిగ్రీల ఉష్ణభంగం నా చేతులమీదుగా జరగమంటావా?"

"తెరవకుండా పరీక్ష ఎట్లా చేసేది సార్?"

"అది పరీక్షల విభాగం చూసుకోవలసిన విషయం. నిల్వ విభాగం బాధ్యత నిల్వ వరకే."

"పరీక్షల విభాగం నేనే సార్."

"అయితే నీకు నువ్వు లేఖ రాసుకో."

ఇంకో చిక్కు కూడా ఉంది. బీరక్క గొర్రె ముక్కులోంచి తీసిన నమూనా ఐసులో, అంటే శీతల గొలుసులో ఉంది. దానికి అధికారి హిమబిందు మేడమ్. పేరుకు తగ్గ ఉద్యోగం దొరకడం ఎందరికో జరగని అదృష్టం. ఆమె తన నమూనాను నాలుగు డిగ్రీలు దాటనివ్వదు. ఈయన తన ఎంజైమును అరవై ఐదు దిగనివ్వడు. రెండూ ఒక గొట్టంలో కలిస్తే గానీ పరీక్ష కాదు. కలిసిన క్షణాన ఎవరి గొలుసు తెగినట్టు? ఎవరికి మెమో?

"నా నమూనాను ఆ కొలిమి గదిలోకి పంపను," అన్నది హిమబిందు మేడమ్.

"నా ఎంజైమును ఆ మంచుగుహలోకి పంపను," అన్నారు పరాంకుశంగారు.

ప్రభంజనరావుగారు సంగమ కమిటీ వేశారు.

కమిటీ మూడుసార్లు కూర్చున్నది. ఆ మూడు కూర్చోడాల మధ్య బీరక్క మందలో ఇంకా నాలుగు పోయాయి. ఆ కబురు మోసుకుని బీరక్క మళ్లీ రాలేదు. తుమ్మకాయలు రాల్చుకొచ్చి మందను సాకుతోందనీ, గిన్నెలు కడిగినా గొర్రెల మొహాలే కనపడుతున్నాయని ఏడ్చిందనీ మాబున్ని మరిది సోడా కొడుతూ చెప్పాడు. సుంకన్న సోడా సగం తాగి, మిగతాది బండిమీదే పెట్టేసి స్కూటరు తీశాడు.

చేతులకంటిన సోడా తుడుచుకుందామని డిక్కీలో గుడ్డకోసం వెతికితే, గుడ్డకింద ఆ పట్టీ దొరికింది. పెట్టెతోపాటు తయారీవాళ్లు వాడి చూసుకోమని విడిగా పంపిన నమూనా పట్టీ. వేలంత గొట్టాలు ఎనిమిది. లెక్కలోది కాదు కాబట్టి రిజిస్టరు ఎక్కలేదు. రిజిస్టరు ఎక్కలేదు కాబట్టి ఎవరూ దాన్ని కాపాడలేదు. నెలకు పైగా కర్నూలు ఎండల్లో పానాలతో, పంక్చరు సామానుతో కలిసి పడుంది.

అతను హోటల్లో టీ ఫ్లాస్కు నిండా వేడినీళ్లు పోయించుకున్నాడు. తిన్నగా బీరక్క దొడ్డికి పోయాడు.

మిట్టమధ్యాహ్నం. వేపచెట్టు నీడలో గొర్రెలు తలలు వాల్చి ఉన్నాయి. ముక్కు కారుతున్న ఒకదాన్ని బీరక్క ఒళ్లో పట్టుకుంటే సుంకన్న పుల్లతో ముక్కు తుడిచి ఒక గొట్టంలో కలిపాడు. రోగం లేకపోతే ఎట్లా ఉంటుందో చూడ్డానికి రెండోదాంట్లో ఉత్త నీళ్లు కలిపాడు. మూడోది, రోగముంటే ఎట్లా ఉంటుందో చూపించడానికి తయారీవాళ్లే పంపిన కంట్రోలు గొట్టం. మూడింటినీ దారంకట్టి ఫ్లాస్కులో దింపి, థర్మామీటరు పెట్టి, చల్లారినప్పుడల్లా పొయ్యిమీది నీళ్లు ఇంత కలుపుతూ కూర్చున్నాడు.

"ఇంతేనా?" అన్నది బీరక్క.

"ఇంతే అక్కా."

"మరి ఆడ నెల్నించి ఏం పొదుగుతాండారప్పా?"

అరగంటకు దారం లాగాడు. నీళ్ల గొట్టం గులాబిరంగులోనే ఉంది. కంట్రోలు గొట్టం పసుపురంగుకు తిరిగింది. గొర్రె గొట్టం అంతకంటే చిక్కని పసుపు.

బీరక్కకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. పసుపురంగు గొట్టాలు రెండూ పక్కపక్కన పెట్టి ఎండకు ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"ఉంది," అన్నది.

"ఉందక్కా. ముక్కు కారేవాటిని ఇప్పుడే వేరే దొడ్లో కట్టు. నీళ్ల తొట్టి కూడా వేరే పెట్టు. మంద కదిలించొద్దు. కదిలిస్తే దారిపొడుగునా అంటుకుంటాది."

"రాసియ్యప్పా. రాసిస్తే మీ ఆఫీసోళ్లు వచ్చి ఊళ్లో మిగతా మందలకైనా సూదులేస్తారు గదా."

సుంకన్న తలొంచుకున్నాడు. "రాస్తే, ఈ పట్టీని నెలరోజులు స్కూటర్లో పెట్టినానని కూడా రాయాల్ల. నా ఉద్యోగం పోతాదక్కా."

బీరక్క అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపముంటే బాగుండేది.

"సరే, రాయొద్దులే," అన్నది. "నా కండ్లతో నేను సూసినా గదా."

ఆ వారంలోనే సంగమ కమిటీ నివేదిక ఇచ్చింది. నాలుగూ అరవై ఐదూ కలిపితే అరవై తొమ్మిది. అందులో సగం ముప్పై నాలుగున్నర. "ఉభయ గొలుసుల గౌరవమునకు భంగము కలుగకుండా, నమూనాయు ఎంజైమును ముప్పై నాలుగున్నర డిగ్రీల తటస్థ గదియందు సంగమించవలెను."

ఒక్కటే ఇబ్బంది. మే నెల రాళ్లదిన్నెలో ముప్పై నాలుగున్నర అనేది ఎక్కడా లేదు. గది నలభై ఒకటి దిగదు. అందుకని ఏసీ పెట్టారు. ఏసీ మరీ చల్లబరుస్తోందని పక్కన హీటరు పెట్టారు. ఒక మనిషిని ఏసీ దగ్గర, ఒక మనిషిని హీటరు దగ్గర నిలబెడితే, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ మీటలు తిప్పుతుంటే, పదకొండుంబావుకు గది ముప్పై నాలుగున్నర దగ్గర నిలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఉత్తర తలుపుకు నీలం రిబ్బను, దక్షిణ తలుపుకు ఎర్ర రిబ్బను కట్టారు. నీలం తలుపులోంచి హిమబిందు మేడమ్ ఐసుపెట్టెతో వచ్చింది. ఎర్ర తలుపులోంచి పరాంకుశంగారు నిప్పుల కుంపటి మీద ఎంజైమున్న ఇనుపపెట్టె పెట్టించుకుని వచ్చారు. ఊళ్లోని కాపరులందరినీ పిలిచి వరండాలో బెంచీలు వేశారు. బీరక్క వెనక బెంచీలో కూర్చున్నది. ప్రభంజనరావుగారు మైకు పుచ్చుకుని, "చలికీ వేడికీ మధ్య శాఖ కుదిర్చిన ఈ చారిత్రక సయోధ్య" గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు.

పరీక్ష చేయడానికి సుంకన్నను పిలిచారు. అతను పెట్టె తెరిచాడు. గొట్టాల అడుగున మందు ఎండిపోయి గోధుమరంగు తెట్టు కట్టింది. ఎక్కడైనా ఉంచమన్నదాన్ని నెలకు పైగా అరవై ఐదులో ఉడకబెట్టారు. అరవై ఐదులో చేయమన్న పరీక్షను ముప్పై నాలుగున్నరలో చేయిస్తున్నారు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. మైకు పక్కనే ఉంది. పరాంకుశంగారు కూడా పక్కనే ఉన్నారు.

అతను బీరక్క గొర్రె నమూనా కలిపాడు. కంట్రోలు గొట్టం కలిపాడు. అరగంట అందరూ కాచుకున్నారు. ఏదీ పసుపురంగుకు తిరగలేదు.

"సార్," అన్నాడు సుంకన్న, చెమట తుడుచుకుని. "కంట్రోలు గొట్టం కూడా తిరగలేదు సార్. అది తిరిగి తీరాల్ల. తిరగలేదంటే—"

"ఏ గొట్టమన్నావు?"

"కంట్రోలు సార్."

ప్రభంజనరావుగారి మొహం విప్పారింది. మైకులోకి తిరిగారు. "కంట్రోలు అనగా అదుపు. అదుపు గొట్టంలో కూడా ఏ మార్పూ లేదంటే వ్యాధి సంపూర్ణంగా అదుపులో ఉన్నదని శాస్త్రీయంగా రుజువైనది!"

చప్పట్లు కొట్టారు. హిమబిందు మేడమ్, పరాంకుశంగారు చేతులు కలుపుకున్నారు. గుమాస్తా అప్పటికే టైపు చేసి ఉంచిన కాగితంమీద ముద్ర కొట్టాడు. 'పరీక్షానంతరము ఈ మందయందు ఎట్టి వ్యాధియు లేదని ధ్రువీకరించడమైనది. మందను ఎచ్చటికైనను తరలించుకొనుటకు అనుమతి.' నెలన్నరగా బీరక్క అడుగుతున్న కాగితం అదే. ఆమె వేదికమీదికి వచ్చి రెండు చేతులా అందుకున్నది. ఫోటో తీశారు.

ఆమె కాగితాన్ని తిప్పి చూసింది. సుంకన్నవైపు చూసింది. సుంకన్న నేలవైపు చూశాడు.

"ఏమ్మా, సంతోషమేనా?" అని ప్రభంజనరావుగారు మైకును ఆమె నోటి దగ్గర పెట్టారు. "ఇక ఈరోజే కాలవకిందికి తోలుకుపోవచ్చు. నాలుగు మాటలు చెప్పు."

బీరక్క కాగితాన్ని నాలుగు మడతలు మడిచి, నిప్పుల కుంపటిమీద మూత తెరిచే ఉన్న ఇనుపపెట్టెలో పెట్టింది.

"దీన్ని గూడా సల్లారకుండా మీరే పొదుక్కోండి సారూ. నా మందలో రోగముంది. మీరు పొమ్మన్నా నేను యాడికీ పోను."